మెడికల్‌లో ఆగిపోయిన మేనల్లుడికి

కందుకూరు

చిరంజీవి మేనల్లుడిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ సంగతి చెబుతూ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో ఏడ్చింది. గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు వారి ర్యాలీలో పరుగు నెగ్గి, బీములు (కడ్డీ పట్టుకుని గడ్డం పైకి లేపడం) తీసి, మెడికల్ దాకా వెళ్ళిన నీ చేతిలో అన్‌ఫిట్ చీటీ పెట్టారంటే నాకూ నిద్ర పట్టలేదు. ఆ చీటీ ఫొటో నాలుగుసార్లు చదివాను. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసిన రోజుల్లో ఇలాంటి చీటీలు పట్టుకుని వచ్చిన కుర్రవాళ్ళను చాలామందిని చూశాను కనుక నాకు తెలిసినది వ్రాస్తున్నాను. టపాలో వేస్తే గడువు దాటిపోతుందని ఈ కాగితాన్నే ఫొటో తీసి పంపుతున్నాను.

ఎవరో నీకు ‘వేవర్’ తెచ్చుకోవచ్చని చెప్పారట. అది అమెరికా మాట. అక్కడ వైద్య పరీక్షలో అనర్హుడని తేలినవాడికి కూడా, లోపాన్ని లోపంగానే ఒప్పుకుని, సైనిక దళం తన విచక్షణతో మినహాయింపు ఇవ్వగలదు. మన జవాను భర్తీలో నీకు ఉన్నది రివ్యూ. ర్యాలీలో డాక్టరు చూసిన దానిని మిలిటరీ ఆసుపత్రి స్పెషలిస్టు మళ్ళీ చూస్తాడు. నిబంధన సడలించమని నువ్వు అక్కడ అడగబోవడం లేదు, సరిగ్గా కొలవమని అడుగుతున్నావు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎవరిని బతిమాలాలి, ఎవరి సిఫారసు తేవాలి అనే ఆలోచనలు వాటంతట అవే పోతాయి.

గడువు విషయంలో పొరపాటు పడవద్దు. మామూలుగా అయిదు రోజుల లోపల ఆసుపత్రిలో హాజరై, 14 రోజుల లోపల పరీక్ష ముగించుకోవాలి. నీ చీటీ మీద ఏ ఆసుపత్రి పేరు, ఏ తేదీ ఉంటే నీకు అదే ప్రమాణం. 42 రోజులు ఉంటుందని నీ స్నేహితుడు చెప్పిన మాట ఎస్.ఎస్.బి. అనే ఎంపిక ఇంటర్వ్యూ దాటిన ఆఫీసరు అభ్యర్థుల అప్పీలు బోర్డుకు సంబంధించినది, నీకు వర్తించదు. ఈ రివ్యూ ఒక్కసారే, దాని మీద మరొకటి ఉండదు.

చీటీలో రెండు కారణాలు ఉన్నాయి. చెవుల్లో గుబిలి చిన్న విషయం. గుబిలి అడ్డుపడి కర్ణభేరి కనబడకపోతే డాక్టరు అలా వ్రాయక తప్పదు. రేపే ఒంగోలు వెళ్ళి చెవి డాక్టరు చేత తీయించుకో. ఇంట్లో మాత్రం ముట్టుకోవద్దు. నేను భర్తీకి వెళ్ళిన నాడు నన్నూ ఇందుకే వెనక్కి పంపితే, ఆత్రం కొద్దీ అగ్గిపుల్లతో కెలుక్కుని కర్ణభేరికి గాయం చేసుకున్నాను. వారం రోజుల్లో తేలవలసిన పని ఏడాది పట్టింది.

అసలు విషయం నాక్ నీ, అంటే మోకాళ్ళు ఒకదానికొకటి తగిలి పాదాలు దూరంగా ఉండిపోవడం. మోకాళ్ళు తగిలించి నిలబడినప్పుడు లోపలి చీలమండల మధ్య దూరం మగవారికి 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఈ కొలత ఎలా తీస్తారో నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. కుర్రవాడు చెప్పులు విప్పి, మోకాళ్ళు పూర్తిగా చాచి, మోకాలి చిప్పలు రెండూ నేరుగా ముందుకు చూసేటట్టు నిలబడాలి. మోకాళ్ళు తాకీ తాకనట్టు ఉండాలి తప్ప అదిమిపెట్టకూడదు. అప్పుడు చీలమండ ఎముక నుంచి ఎముకకు టేపు పెడతారు. బెదురుతో మోకాళ్ళు అదిమినా, పాదాలు బయటికి తిప్పినా కొలత సరిగ్గా రాదు. కొందరు కొలత తగ్గించాలని మోకాళ్ళు కొద్దిగా వంచుతారు. స్పెషలిస్టు దానిని క్షణంలో పట్టేస్తాడు, నువ్వు ఆ పని చేయవద్దు.

మీ ఊరి కుర్రవాళ్ళకు ఇది రావడంలో వింత ఏమీ లేదు. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, ఆ జిల్లాలో నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలను పాడు చేస్తున్నదని వైద్యులు వ్రాశారు. ఎదిగే వయసులో ఆ నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళు గారపట్టడమే కాక కాళ్ళు కూడా వంకరపోవచ్చు. అది నీ తప్పు కాదు, మీ అమ్మ పెంపకంలో లోపమూ కాదు. ఆమెకు ఈ మాట చదివి వినిపించు.

కాబట్టి ఒంగోలులోనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఎముకల విభాగంలో కొలిపించుకుని, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేతో పాటు కొలతను సెంటీమీటర్లలో వ్రాయించుకో. ‘ఆరోగ్యవంతుడు’ అని మాత్రమే వ్రాసిన సర్టిఫికెట్లు తెచ్చినవారిని చూశాను. వాటిని స్పెషలిస్టు తిప్పి కూడా చూడలేదు. బయటి కొలతకు కూడా అతడు కట్టుబడి ఉండనవసరం లేదు, తన టేపుతో తానే కొలుస్తాడు. అయినా నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావో ముందుగా నీకు తెలియాలి.

నాలుగో, నాలుగున్నరో వస్తే ధైర్యంగా వెళ్ళు. ఆరు వస్తే నిజం చెబుతున్నాను, రివ్యూ నిన్ను గట్టెక్కించదు. ఎదుగుదల ముగిసిన ఎముక వ్యాయామంతోనో బెల్టుతోనో నిటారు కాదు. ఎముకను కోసి సరిచేసే ఆపరేషను ఉన్నా భర్తీ కోసం దాని జోలికి పోవద్దు. పారామిలిటరీ భర్తీలోనూ ఇదే పరీక్ష ఉంటుంది. రివ్యూకు వెళ్ళే హక్కు అప్పటికీ నీదే, వెళ్ళు. అయితే దాని మీద ఇంకో ఏడాది పోగొట్టుకోకుండా, ఆగిన డిగ్రీకి ఈ నెలలోనే ఫీజు కట్టు. అది నేను పంపుతాను.

ఒకాయన రెండు లక్షలు ఇస్తే ‘పైన మాట్లాడతాను’ అన్నాడని, అందుకు మీ అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టబోయిందని తెలిసి నాకు ఒళ్ళు మండింది. భర్తీ కోసం ఏ మధ్యవర్తికీ పైసా ఇవ్వనవసరం లేదు. అలాంటివాడు పదిమంది దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ళంతట వాళ్ళే పాసైన ఇద్దరి గొప్పను తన ఖాతాలో వేసుకుంటాడు. అతడి ఫోను ఎత్తవద్దు.

అసలు చీటీ, అడ్మిట్ కార్డు, ఆధార్, ఎక్స్‌రే ఒకే కవరులో పెట్టుకో. రేపు ఒంగోలులో పని ముగియగానే సాయంత్రం బస్సుకు కందుకూరు రా. ఎలా నిలబడాలో రాత్రికి ఇంట్లోనే చూపిస్తాను, టేపు నా దగ్గర ఉంది. ఆసుపత్రికి ఇద్దరం కలిసి వెళదాం.

మీ మామయ్య