బిల్లు కింద కనిపించే ఆదా బ్యాంకు ఖాతాలో ఎందుకు లేదు?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేట. మేమిద్దరం ఉద్యోగులం. అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి ఇంట్లో ఐదుగురం. నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తాయి. రెండేళ్ల క్రితం వీధి చివరి కిరాణా కొట్టు మానేసి, దగ్గర్లో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కు మారాం. అప్పట్లో సరుకులకు 12,000 దాటేది కాదు, ఇప్పుడు 17,000 అవుతోంది. అయినా ప్రతి నెలా బిల్లు చివర 'మీకు ఆదా' అంటూ వెయ్యికి పైనే చూపిస్తున్నారు. మొన్న అరలో 189 రూపాయలని రాసి ఉన్న తేనె సీసాకు బిల్లులో 215 వేశారు. అడిగితే కంప్యూటర్లో ధర మార్చలేదన్నారు. ఏడాదికి 999 రూపాయలు కట్టి సభ్యత్వం తీసుకుంటే, ప్రతి బిల్లుపై 2 శాతం చొప్పున, నెలకు 200 రూపాయలు మించకుండా పాయింట్లు ఇస్తారట. తీసుకోవచ్చా? లేక పాత కొట్టుకే వెళ్లడం మంచిదా? మా పెద్దమ్మాయి ఐదేళ్లలో ఇంటర్‌కు వస్తుంది. ఆ ఫీజులకు ఏమీ దాచలేకపోతున్నాం.

జవాబు: ముందు ఆ 'ఆదా' అంకె సంగతి చూద్దాం. వస్తువు మీద ముద్రించిన ఎమ్మార్పీ నుంచి మీరు చెల్లించిన ధర తీసేస్తే వచ్చే తేడానే దుకాణం ఆదాగా చూపుతుంది. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులతో కలిపి అమ్మదగిన గరిష్ఠ ధర మాత్రమే. కందిపప్పు, నూనె, డిటర్జెంటు వంటివాటిని మీ పాత కిరాణా కొట్టులోనూ అంతకంటే తక్కువకే ఇచ్చి ఉంటారు. కాబట్టి ఆ వెయ్యి రూపాయలను మీ ఇంటి లెక్కలోకి తీసుకోకండి. నిరుడు ఇదే వస్తువుకు ఎంత పెట్టారు, ఈ నెల ఇది లేకపోయినా గడిచేదా అన్నవే మీకు పనికివచ్చే ప్రశ్నలు.

దుకాణం మార్చే ముందు ఒక పని చేయండి. నిరుటి బిల్లు ఒకటి, ఈ నెల బిల్లు ఒకటి పక్కపక్కన పెట్టుకుని, రెండింటిలోనూ ఉన్న వస్తువులను ఒక రంగుతో, కొత్తగా చేరినవాటిని మరో రంగుతో గుర్తించండి. పెరిగిన ఖర్చులో ధరల వాటా ఎంత, బుట్టలో అదనంగా పడినవాటి వాటా ఎంత అన్నది అక్కడే తేలిపోతుంది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనెలు, బిస్కెట్లపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ వరుసల్లో కూడా మీ ఖర్చు తగ్గకపోతే, ధరకంటే పరిమాణాన్నే అనుమానించాలి. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఎక్కువ మంది విషయంలో తేలేది అదే: నాలుగు వస్తువులు రాసుకుని వెళ్లి, తోపుడు బండి నింపుకుని రావడం.

ధరలను పోల్చేటప్పుడు ప్యాకెట్ మీది మొత్తం చూసి మోసపోవద్దు. నూనె వంటి సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే అమ్మాలన్న నిబంధన 2022లో తొలగిపోయినప్పటి నుంచి రకరకాల బరువుల ప్యాకెట్లు వస్తున్నాయి. ఒక నూనె ప్యాకెట్ 150 రూపాయలు, పక్కనే మరొకటి 158 రూపాయలు అనుకుందాం. మొదటిది 850 గ్రాములు, రెండోది 910 గ్రాములు అయితే, కిలోకు మొదటిది సుమారు 176 రూపాయలు, రెండోది 174 పడుతుంది. చవకగా కనిపించినదే ఖరీదైనది. ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు గానీ, అది ఎమ్మార్పీ ప్రకారం వేసిన లెక్క. మీరు చెల్లించే ధరకు ఫోన్లోని క్యాలిక్యులేటర్‌తో మీరే భాగించుకోవాలి. బియ్యానికీ ఇదే వర్తిస్తుంది. 25 కిలోల వరకు ఉన్న ప్యాక్ చేసిన బియ్యంపై 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ వేశాకే 26 కిలోల సంచులు వచ్చాయి. రెండింటికీ కిలో ధర కట్టి చూసి తీసుకోండి.

కూరగాయలు మాత్రం సూపర్ మార్కెట్లో కొనడం తగ్గించమనే చెబుతాను. 1999లో మొదలైన రైతు బజార్లలో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. మీకు కూకట్‌పల్లి బజారు దూరం కాదు. వారానికి ఒకసారి వెళ్లినా తేడా తెలుస్తుంది.

తేనె సీసాకు ఎక్కువగా తీసుకున్న 26 రూపాయలను చిన్న మొత్తమని వదిలేయకండి. 215 అన్నది ఎమ్మార్పీని దాటితే అది తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయదగిన ఉల్లంఘన. దాటకపోయినా, అరలో ఒక ధర చూపి మరో ధర తీసుకోవడం కొనుగోలుదారును తప్పుదోవ పట్టించడమే. ఇకపై ఎక్కువ ఖరీదున్న వస్తువుల ధర చీటీని ఫోటో తీసుకుని, డబ్బు చెల్లించే ముందే బిల్లు సరిచూసుకోండి. కౌంటర్లో గంటల తరబడి నిలబడి పనిచేసే అమ్మాయితో వాదించి ప్రయోజనం లేదు, ధరలు మార్చే అధికారం ఆమెకు ఉండదు. మేనేజర్‌ను పిలిపించి తేడా వెనక్కి ఇమ్మనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు చూసి వెనక్కి రావలసిన అవసరం కూడా లేదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ఫోన్ నంబరు చెబితేనే బిల్లు వేస్తామని పట్టుబట్టడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణాలకు సూచించింది.

సభ్యత్వం విషయానికి వస్తే, నెలకు 17,000కు 2 శాతం అంటే 340 అవుతుంది గానీ పరిమితి వల్ల 200 మాత్రమే వస్తుంది. ఏడాదికి 2,400లో 999 పోగా మిగిలేది 1,401, అంటే నెలకు 117 రూపాయలు. అదీ నగదు కాదు, మళ్లీ అక్కడే ఖర్చు చేయాల్సిన పాయింట్లు. పాయింట్ల కోసం నెలకు ఒక్క అనవసరపు వస్తువు కొన్నా ఆ లాభం మిగలదు. మీ ఖర్చు పెరుగుతున్న ఈ దశలో ఒకే దుకాణానికి మిమ్మల్ని కట్టిపడేసే ఏర్పాటు వద్దని నా అభిప్రాయం. పాత కొట్టుకు పూర్తిగా మారిపోవాల్సిన పని కూడా లేదు. పప్పులు, చక్కెర ఎక్కడ కిలో ధర తక్కువైతే అక్కడ తీసుకోండి.

సరుకులకు, కూరగాయలకు కలిపి 14,000 పరిమితి పెట్టుకోండి. ధరలు పెరిగాయి కనుక మళ్లీ 12,000కు దిగమనడం న్యాయం కాదు. మిగిలే 3,000ను నెలాఖరు వరకు ఖాతాలో ఉంచితే ఖర్చైపోతుంది కాబట్టి, జీతం పడిన మర్నాడే పోస్టాఫీసు ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా చేయండి. 6.7 శాతం వడ్డీ లెక్కన, మీరు కట్టే 1,80,000కు గడువు తీరేసరికి దాదాపు 2,14,000 చేతికి వస్తుంది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే మీకు చివరిదాకా వర్తిస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫీజు జూన్ నాటికే కట్టాల్సి వస్తుంది కనుక, గడువు అంతకు ముందే ముగిసేలా నెల చూసుకుని ఖాతా తెరవండి.