అందరికీ సాక్ష్యం ఉంది, నాకెందుకు లేదు?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నాకు 38 ఏళ్లు. ఇంట్లోనే బట్టలు కుడతాను. లారీ నడిపే మా ఆయనకు పోయినేడాది పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు గానీ ఎడమ చేయి లేవడం లేదు. పక్కింటి ఆటో అబ్బాయి ఆయిల్ డబ్బులు మాత్రం తీసుకుని ఫిజియోథెరపీకి తిప్పుతున్నాడు. ఇంటర్ చదివే మా బాబు పొద్దున్నే నాన్నకి స్నానం చేయించి కాలేజీకి వెళ్తాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో నాకు స్వస్థత గురించిన బైబిల్ వాక్యం ఉన్న వాగ్దానం కార్డు వచ్చింది. ఏమీ జరగలేదు. ఆదివారం వస్తే చర్చిలో అందరూ దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్తారు. కొడుక్కి వీసా వచ్చిందని మొన్న మా తోటికోడలు చెప్పింది. ‘నీ విశ్వాసంలో లోపం ఉంది, అందుకే దేవుడు నీ ఇంట్లో పని చేయడం లేదు’ అంటున్నారు మా అత్తయ్య. బీపీ బిళ్లలు మాన్పించి నమ్మకంతో ప్రార్థన చేయమంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అందరికీ కనిపించే దేవుడి పని నాకెందుకు కనిపించదు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు బిళ్లల సంగతి. డాక్టరు చెప్పకుండా వాటిని ఒక్క పూట కూడా మానకండి. పక్షవాతం ఒకసారి వచ్చిన మనిషికి బీపీ అదుపు తప్పితే మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. ఇది విశ్వాసానికి పరీక్ష కానే కాదు. హిజ్కియా రాజు చావుకు దగ్గరైనప్పుడు ఇంకా 15 ఏళ్లు బతుకుతావని దేవుడే మాట ఇచ్చాడు. ఆ మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. రెండో రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది, అత్తయ్యగారితో కలిసి చదవండి. వాగ్దానమూ మందూ ఒకే చోట ఉన్నాయి అక్కడ.

ఇక మీ అసలు బాధ. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఈసారి మొదటి వాక్యం నుంచి చదవండి. మన దగ్గర అందరూ పేతురు చెరసాల నుంచి బయటపడ్డ సంగతే చెప్పుకుంటారు. దానికి ముందే హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబుని కత్తితో చంపించాడు. ఇద్దరూ యేసుతో తిరిగినవాళ్లే. ఒకరు వీధిలోకి నడిచి వచ్చారు, ఇంకొకరు రాలేదు. యాకోబు విశ్వాసంలో లోపం ఉందని బైబిల్ ఎక్కడా అనలేదు. ఎందుకు ఇలా జరిగిందో కారణమూ చెప్పలేదు. బైబిల్ చెప్పని కారణం మీ ఇంటి విషయంలో ఎవరైనా చెప్తుంటే దాన్ని దేవుడి మాటగా మీరు తీసుకోనక్కర్లేదు.

అదే అధ్యాయంలో నన్ను ఎప్పుడూ ఆపే సంగతి ఇంకొకటి ఉంది. దూత సంకెళ్లు విడిపించి బయటికి నడిపిస్తుంటే పేతురుకే అది నిజమని తెలియలేదు, ఏదో దర్శనం అనుకున్నాడు. ఇనుప గుమ్మం దాటి, ఒక వీధి నడిచి, దూత వెళ్లిపోయాక గానీ అర్థం కాలేదు. మార్కు తల్లి ఇంట్లో ఆయన కోసం ప్రార్థిస్తున్నవాళ్లూ అంతే. పేతురు తలుపు దగ్గర ఉన్నాడని రొదే అనే చిన్నది చెప్తే నీకు పిచ్చి పట్టిందన్నారు. అడిగిందే తలుపు తడుతోంది, వాళ్లు నమ్మలేదు. జరుగుతున్నప్పుడు దేవుడి పని గుర్తుపట్టలేకపోవడం అవిశ్వాసం కాదమ్మా. చాలాసార్లు కాస్త దూరం నడిచి వెనక్కి చూస్తేనే కనిపిస్తుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఏమీ జరగలేదు’ అని రాశారు. అంతకు ముందు వాక్యాల్లోనే ఆటో అబ్బాయి ఉన్నాడు, మీ బాబు ఉన్నాడు. ఇంటర్ చదువుతూ, ఎవరూ చూడని స్నానాల గదిలో, తండ్రి ఒంటికి సబ్బు రుద్దే కొడుకు! నయోమి బేత్లెహేముకి తిరిగి వచ్చి, యెహోవా నన్ను ఖాళీగా రప్పించాడని ఏడ్చినప్పుడు కోడలు రూతు ఆమె పక్కనే నిలబడి ఉంది. నయోమి అబద్ధం చెప్పలేదు. భర్తనీ ఇద్దరు కొడుకులనీ పోగొట్టుకుంది, ఆమె కళ్లకు అదే కనిపించింది. మీ ఆయన చేయి లేవకపోవడమూ అంతే నిజం. ఆటో అబ్బాయి మంచితనం ఆ నష్టాన్ని తీర్చేయదు. కానీ దేవుడు మీ ఇంట్లో లేడన్న మాట మాత్రం మీ ఉత్తరమే ఒప్పుకోవడం లేదు.

16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా అనే ఆయన రోజును వెనక్కి తిరిగి చూసుకునే ఒక ప్రార్థన నేర్పించాడు. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ పేరులో ఉన్నది ఆయనే. ఆయన క్యాథలిక్, మీ సంఘం ఏదైనా ఈ పద్ధతి పనికొస్తుంది. రాత్రి మిషను మూసేశాక ఐదు నిమిషాలు కూర్చోండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో, ఎవరు వచ్చారో, ఎక్కడ ఓపిక వచ్చిందో, ఎక్కడ కోపం వచ్చిందో దేవుడి ముందు గుర్తు చేసుకోండి. కృతజ్ఞత చెప్పాలనిపించింది చెప్పండి. మాట తూలి ఉంటే క్షమించమనండి. రేపటికి కావలసింది అడగండి. కొన్ని రోజులు ఏమీ కనిపించదు. ఆ రోజు ఏమీ కనిపించలేదు ప్రభువా అని చెప్పి పడుకోండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా దాన్ని ప్రార్థనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

ఒక జాగ్రత్త. ఇలా చూడటం మొదలుపెట్టాక కొంతమంది ప్రతిదానికీ గుర్తులు వెతుకుతారు. కరెంటు పోతే ఒక అర్థం, బైబిల్ ఎక్కడ తెరుచుకుంటే అక్కడ ఒక ఆజ్ఞ. అది టెన్షన్ పెంచుతుంది. వాగ్దానం కార్డు కూడా ప్రార్థనకు తోడు వచ్చే వాక్యమే, గడువు రాసిన రసీదు కాదు.

సాక్ష్యం చెప్పమని అడిగితే ‘ఈసారికి వద్దండీ’ అనే హక్కు మీకుంది. చెప్పాలనిపిస్తే ఉన్నదే చెప్పండి: మా ఆయన చేయి ఇంకా లేవలేదు, మా బాబు, మా పక్కింటివాళ్లు మమ్మల్ని మోస్తున్నారు, మాకోసం ప్రార్థించండి అని. ఆ సంఘంలో మీలాగే నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు ఇంకా ఉంటారు. పాస్టరమ్మగారితో ముందే ఒకసారి విడిగా మాట్లాడితే మీకూ ధైర్యంగా ఉంటుంది.

అత్తయ్యగారు పడిపోయింది తన కొడుకే అని భయపడుతున్నారు. ఎవరిదో తప్పు ఉందనుకుంటే, అది సరిచేస్తే బిడ్డ లేస్తాడని ఆశ. అలాగని ఆ మాట మీరు మోయక్కర్లేదు. మీ ఆయన పక్కన ఉన్నప్పుడే ‘అత్తయ్యా, నా విశ్వాసంలో లోపం ఉందన్న మాట నన్ను బాగా గుచ్చుతోంది. ఆ మాట వద్దు, రాత్రి మీరూ మాతో కూర్చుని ప్రార్థన చేయండి’ అని చెప్పండి. బిళ్లల విషయం మీ ఆయనే అమ్మకు చెప్తే ఇంకా మంచిది. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. రోగిని చూసుకునేవాళ్లు తమ ఒంటిని మరిచిపోతారు. రెండు వారాలకు పైగా నిద్ర లేక, దేనిమీదా మనసు నిలవకపోతే అదే డాక్టరుకు చెప్పండి. మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ లైను టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడతారు. వారంలో ఒక పూటైనా మీ తోటికోడల్ని వచ్చి ఆయన దగ్గర ఉండమని అడగండి. వీసా సంతోషంలో ఉన్న మనిషి కాదనరు. ఆ పూట మిషను ముట్టుకోకుండా పడుకోండి.