డాలస్‌లో ఇల్లు, బ్రాడీపేటలో లెక్క

గుంటూరు వచ్చిన మర్నాడే బాబాయ్ కబురు పెట్టాడు. బ్రాడీపేటలో వాళ్ల వరండాలో కూర్చుని కాఫీ గ్లాసు అందుకున్నానో లేదో, ఫోన్ తీసి ఒక ఇంటి ఫొటో చూపించాడు. డాలస్ పక్కన కొత్త వెంచర్, వాళ్లబ్బాయి చూసుకున్న ఇల్లు.

"ధర తగ్గించారంటరా. వడ్డీ కూడా ఆరున్నర శాతమేనంట. అంటే నూటికి నెలకు అర్ధరూపాయి మీద నాలుగు పైసలు. ఇక్కడ రెండు రూపాయలకు కూడా అప్పు పుట్టట్లేదు. నంబూరు స్థలం అమ్మేసి డౌన్ పేమెంట్ పంపుదామనుకుంటున్నా. ఏమంటావ్?"

అమెరికా వచ్చి రెండు మూడేళ్లయిన పిల్లలు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు, ధరలు పడుతున్నాయి కదా, కొనేయమంటారా అని. అందుకే ఆ పూట బాబాయ్‌కి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

బాబాయ్ లెక్కలోనే మాట్లాడుకుందాం. 2021లో అమెరికాలో ముప్పై ఏళ్ల ఇంటి లోను 3 శాతం కన్నా కిందికి దిగింది. మన భాషలో పావలా వడ్డీ. ఇక్కడ డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన వడ్డీ అక్కడ ఊరందరికీ దొరికిందన్నమాట. ఇళ్ల ధరలు ఎగబాకింది ఆ పావలా మీదే. 2022 మార్చి నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్ రేట్లు పెంచుకుంటూ పోయింది. 2023 అక్టోబరుకి ఇంటి లోను 8 శాతం దరిదాపుల్లోకి వెళ్లింది. ఆ తర్వాత కొంత దిగినా పావలాకి మాత్రం రాలేదు.

బాబాయ్ చేతిలో ఉన్న కరెంటు బిల్లు వెనకే లెక్క వేశాను. 4 లక్షల డాలర్ల లోనుకి 3 శాతం మీద నెలకు 1,686 డాలర్లు. ఆరున్నర మీద 2,528. ఇప్పుడు ధర పది శాతం పడి, లోను 3,60,000కి దిగిందనుకుందాం. అయినా 2,275. ధర తగ్గిన ఇంటికి, తగ్గక ముందు కొన్నవాడి కన్నా నెలకు ఆరు వందల దాకా ఎక్కువ కట్టాలి! ఆ పాత ఈఎమ్ఐకి రావాలంటే ధర మూడో వంతు పడాలి. నూటికి ఎంత అన్నది కాదు బాబాయ్, ఏ వడ్డీ మీద పెరిగిన ధర అన్నది చూడాలి.

మరి ధర అంతగా ఎందుకు పడదు? దానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే తుళ్లూరు, మంగళగిరి వైపు బేరాలు ఆగిపోయాయి. అప్పు లేనివాడు కాగితాలు బీరువాలో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నవాడే వచ్చిన కాడికి అమ్ముకున్నాడు. అక్కడా అంతే. పావలా వడ్డీ లోను ఉన్నవాడు ఇల్లు అమ్మడు, అమ్మితే మళ్లీ అర్ధరూపాయి పైన కట్టాలిగా. అమ్మేది ఉద్యోగం పోయినవాడు, విడాకులైనవాడు, కట్టిన ఇళ్లు మిగిలిపోయిన బిల్డరు. కానీ వాళ్లు అమ్మిన రేటే ఆ వీధి మొత్తానికి విలువ అవుతుంది. బ్యాంకు తరఫున ఇంటికి విలువ కట్టేవాడు (అప్రైజల్) పక్కన ఈ మధ్య అమ్ముడైన ఇళ్లనే చూస్తాడు.

ఇక ఏజెంట్ల మాట ఒకటుంది: "ఇప్పుడు కొనేయండి, రేట్లు తగ్గాక రీఫైనాన్స్ చేసుకోవచ్చు". అంటే తక్కువ వడ్డీకి కొత్త లోను తీసుకుని పాతది తీర్చేయడం. నేను ఈ మాట విని కాలు కాల్చుకున్నవాణ్ణి. 2006లో ఫీనిక్స్‌లో 3 లక్షల ఇల్లు, పది శాతం చేతి నుంచి పెట్టి, ఆరున్నర వడ్డీకి కొన్నాను. 2009కి వడ్డీ 5కి దిగింది. సంతోషంగా బ్యాంకుకి వెళ్తే, ఇంటి విలువ సగమే వచ్చింది. ఉన్న లోను కన్నా ఇల్లు చవక, కొత్త లోను ఇవ్వం పొమ్మన్నారు. నీళ్లు చూసి ఈతకు దిగితే బురద తగిలినట్టయింది. 2012 దాకా పాత వడ్డీ కట్టాను. ధర పడే మార్కెట్లో రీఫైనాన్స్ అనేది మన చేతిలో ఉండదు. చేతి నుంచి పెట్టేది ఇరవై శాతమైనా ఉంటే కొంత నయం.

పైగా ఫెడ్ తగ్గిస్తే ఇంటి లోను తగ్గాలని రూలేమీ లేదు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు ఫెడ్ ఒక శాతం తగ్గించింది. అదే కాలంలో ఇంటి లోను వడ్డీ 6 దగ్గర్నుంచి 7 దగ్గరికి పెరిగింది. ఇంటి లోను వడ్డీ పదేళ్ల ప్రభుత్వ బాండ్ల వడ్డీ వెంట నడుస్తుంది.

బాబాయ్ కొడుక్కి అదే రాత్రి ఫోన్ చేశాం.

"అన్నయ్యా, బిల్డరు ఈఎమ్ఐ 2,027 అన్నాడు, నువ్వు 2,528 అంటున్నావేంటి?"

అదీ సంగతి. బిల్డరు ధర తగ్గించినట్టు బోర్డు పెట్టి, దాంతో పాటు వడ్డీ తాయిలం ఇస్తున్నాడు. మొదటి ఏడు రెండు శాతం తక్కువ, రెండో ఏడు ఒకటి తక్కువ, మూడో ఏడు నుంచి పూర్తి వడ్డీ. 2,027, తర్వాత 2,271, ఆ తర్వాత 2,528. వీడికి మొదటి అంకె ఒక్కటే గుర్తుంది. దీనిమీద టెక్సస్‌లో ఆస్తి పన్ను ఉంది. చాలాచోట్ల విలువలో రెండు శాతం దాకా పోతుంది. 5 లక్షల ఇల్లయితే నెలకు 800 పైమాటే. ఇన్సూరెన్సు వేరు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోతాం గానీ, ఇంటి దగ్గర పట్టుకుంటారు.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకోటి. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజుల దాకానే. పడే మార్కెట్లో ఆ గడువులో ఇల్లు అమ్మడమంటే, పైన చెప్పిన వచ్చిన కాడికి అమ్మినవాడు మీరే. కమీషన్, ఖర్చులు కూడా మీవే. ఆరు నెలల ఈఎమ్ఐ పక్కన లేకుండా కొనవద్దని నా మాట.

ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునేవాళ్లు రెండు చూసుకోండి. నాన్నగారు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు గానీ, పది లక్షల రూపాయలు దాటిన దానిపై బ్యాంకు 20 శాతం ముందస్తు పన్ను (టీసీఎస్) పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుకోవచ్చు, అప్పటిదాకా ఆ సొమ్ము ఇరుక్కున్నట్టే. అమెరికాలో లోనిచ్చేవాడు ఇది అప్పు కాదు, బహుమానమే అని ఉత్తరం అడుగుతాడు. ఏడాదిలో బహుమానం లక్ష డాలర్లు దాటితే అమెరికా పన్ను శాఖకి ఫారం 3520 వేయాలి. పన్నేమీ పడదు, వేయకపోతే మాత్రం జరిమానా గట్టిది.

మూడో ఏడు ఈఎమ్ఐ ఎంతో, పన్ను, ఇన్సూరెన్సు కలిపి కాగితం మీద రాసిమ్మని బిల్డరుని అడగరా అని చెప్పాను. నేను తిరుగు ప్రయాణమయ్యే రోజుకి కూడా ఆ కాగితం రాలేదు. నంబూరు స్థలానికి అడ్వాన్సు తెచ్చినాయన్ని మాత్రం బాబాయ్ పండగెళ్లాక రమ్మన్నాడు.