కిచెన్ రీమోడల్: లామినేట్ ముందా, లైట్లు ముందా?

మీ ప్రశ్న ఇది కదా: క్యాబినెట్లకు గ్లాసీ బాగుంటుందా మ్యాట్ బాగుంటుందా, కౌంటర్‌కి నల్ల గ్రానైటా తెల్ల క్వార్ట్జా, ఇవన్నీ తేలాక చివర్లో లైట్లు చూసుకుంటే సరిపోతుందా అని. నేనైతే ఈ వరుసనే తిరగేయమంటాను. మూడేళ్ల క్రితం మా వంటగది మార్పించినప్పుడు మేమూ లైట్లను చివరికే వదిలేశాం. ఆ పొరపాటు ఇప్పటికీ రోజూ కళ్లెదుటే ఉంది.

మేం క్యాబినెట్ తలుపుల మీద అతికించడానికి లేత బూడిద రంగు మ్యాట్ లామినేట్ షీట్ తీసుకున్నాం. షాపులో అరచేతంత ముక్క చూసి, అందులో కాస్త గోధుమ ఛాయ ఉందని ముచ్చటపడ్డాం. ఇంట్లో తలుపులన్నీ బిగించి, పాత ట్యూబ్‌లైట్ వేసి చూస్తే నీలంగా, ఆస్పత్రి గోడలా ఉంది. వేరే షీట్ వేశారని కార్పెంటర్‌తో గొడవ కూడా పెట్టుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. శాంపిల్ ముక్క తీసుకొచ్చి తలుపుకి ఆనించి పట్టుకున్నారు. రెండూ ఒకటే! షాపులో మేం చూసింది పసుపు స్పాట్‌లైట్ల కింద. సారీ చెప్పి టీ ఇచ్చాను, ఇంకేం చేస్తాను.

అందుకని ముందు బల్బు రంగు తేల్చుకోండి. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700, 3000 అంటే పసుపు వెలుతురు. 4000 అంటే అటు పసుపూ కాదు, ఇటు నీలమూ కాదు. 6500 అంటే ట్యూబ్‌లైట్‌లా తెల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది. వంటగదికి 3000 నుంచి 4000 మధ్య ఏదైనా బాగుంటుంది, కానీ సీలింగ్‌లో ఒకటి, కౌంటర్ మీద ఇంకొకటి పెట్టకండి. ఒకే గోడ రెండు రంగుల్లో కనిపించి చిరాకేస్తుంది. దాంతోపాటు సీఆర్‌ఐ అంకె కూడా చూడండి. వస్తువుల అసలు రంగు ఆ వెలుతురులో ఎంత సరిగ్గా కనిపిస్తుందో చెప్పే లెక్క అది. గరిష్ఠం 100. మామూలు ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి, 90 పైన ఉన్నవి అడిగి తీసుకోండి. తక్కువ సీఆర్‌ఐ బల్బుల కింద ముందు దెబ్బతినేది ఎరుపే. చెక్క రంగు ఫినిష్‌లు పాలిపోతాయి, పండిన టమాటా కూడా వాడినట్టుంటుంది.

ఆ బల్బు ఇంట్లో పెట్టాకే శాంపిల్స్ తెచ్చుకోండి. దొరికినంత పెద్ద ముక్క అడగండి. తలుపు ముక్కని నిలబెట్టి చూడాలి, కౌంటర్ ముక్కని పడుకోబెట్టి చూడాలి, పక్కనే టైల్ కూడా ఉండాలి. షాపులో మనం అన్నిటినీ టేబుల్ మీద పరిచి చూస్తాం, అక్కడే దెబ్బతింటాం. రెండు రోజులు అలాగే వదిలేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. మేం తర్వాత బల్బులన్నీ 3000కి మార్చాం, రాత్రిళ్లు ఆ గోధుమ ఛాయ తిరిగొచ్చింది. పగలు కిటికీ వెలుతురులో మాత్రం ఇప్పటికీ నీలమే. కిటికీకి బల్బు మార్చలేం కదా.

ఇక నీడ సంగతి. సీలింగ్ మధ్యలో ఎంత పెద్ద లైటున్నా, కౌంటర్ దగ్గర నిలబడితే అది మన వీపు వెనకే ఉంటుంది. మన తల నీడ సరిగ్గా కత్తి కిందే పడుతుంది. పై అరల అడుగున స్ట్రిప్ లైట్ పెడితే ఆ బాధ ఉండదు. స్ట్రిప్‌ను గోడవైపు కాకుండా అర ముందు అంచుకు దగ్గరగా పెట్టించండి, కౌంటర్ మొత్తానికీ వెలుతురు అందుతుంది. ఇంకో జాగ్రత్త: పాలిష్ చేసిన నల్ల గ్రానైట్ అద్దంలాంటిది. మా స్ట్రిప్‌లోని ఒక్కో ఎల్‌ఈడీ చుక్కా అందులో వరుసగా కనపడేది, తరుగుతుంటే కళ్లలో గుచ్చుకునేది. తర్వాత అల్యూమినియం చానెల్, దానిపైన పాలరంగు కవర్ వేయిస్తే చుక్కలు పోయి తెల్ల గీత మిగిలింది. అంటే ప్రతిబింబం పూర్తిగా పోలేదు. అద్దంలా మెరవని లెదర్ ఫినిష్ గ్రానైట్ తీసుకుని ఉంటే ఇంత తంటా ఉండేది కాదు.

గ్లాసీనా, మ్యాటా అంటే, పై అరలకు గ్లాసీ, కింది వాటికి మ్యాట్ అంటాను. కింది తలుపులకే చేతులు ఎక్కువ తగులుతాయి. అయితే మ్యాట్ అంటే మరకలు కనపడవనుకోకండి. ముదురు రంగు మ్యాట్ మీద నూనె వేలిముద్ర గ్లాసీ మీదకంటే మొండిగా కూర్చుంటుంది. లేత రంగైతే పర్వాలేదు. పైన ప్లాస్టిక్ పొర అతికించిన పీవీసీ మెంబ్రేన్ తలుపులు మాత్రం స్టవ్ పక్కన వద్దు, వేడికి అంచుల దగ్గర ఊడొస్తాయి.

కౌంటర్ గురించి ఎక్కువ చెప్పను. క్వార్ట్జ్‌లో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు, వేడి గిన్నె నేరుగా దించితే మచ్చ పడుతుంది. గ్రానైట్ ఆ వేడికి తట్టుకుంటుంది. పాలరాయి అందంగా ఉంటుంది కానీ నిమ్మరసం పడితే మెరుపు పోతుంది. మీ ఇంట్లో గిన్నె ఎక్కడ దించుతారో మీకే తెలుసు.

చివరిగా, స్ట్రిప్ లైట్ల వైర్లు టైల్స్ వేయకముందే లాగించండి, వాటికి కరెంటు అందించే చిన్న డబ్బాను, అంటే డ్రైవర్‌ను, చెయ్యి అందే చోట పెట్టించండి. మాది అర వెనక గోడకు బిగించి మూసేశారు. ఏడాదికే అది కాలిపోతే, అర వెనక పలకని చేతిరంపంతో కోయాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ చిన్న మూత ఉంది, డబ్బాల వెనక దాచాం.