ఊళ్లో ఇంటింటికీ దగ్గు, జలుబు. మళ్లీ కరోనాయేనా? పరీక్ష చేయించాలా?

కరోనాయే కావచ్చు, కానీ మీరు భయపడుతున్నదే కానక్కర్లేదు. 229ఇ, ఓసీ43, ఎన్ఎల్63, హెచ్‌కేయూ1 అనే నాలుగు కరోనా వైరస్‌లు 2019కి ముందునుంచే మనుషుల్లో తిరుగుతున్నాయి. ఒకసారి వచ్చిపోయినా రక్షణ ఎక్కువ కాలం నిలవదు, ఏడాది తిరిగేసరికి మళ్లీ అంటుకోవచ్చు. కోవిడ్ కిట్ వీటిని పట్టుకోదు. ల్యాబ్‌కు పంపినా శాంపిల్‌ను 2–8 డిగ్రీల మధ్య ఉంచి 72 గంటల్లోపు చేర్చాలి. దారిలో ఐస్ కరిగిపోతే వైరస్ ఉన్నా నెగెటివ్ రావచ్చు. దూరపు ఊళ్ల నుంచి వచ్చే నెగెటివ్ రిపోర్టులను చూసి మురిసిపోకండి.

అసలు పేరు తెలిసి చేసేదేముంది? ఈ నాలుగింటికీ విడిగా మందు లేదు. చంటిపిల్లలుంటే పేరు వదిలేసి ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. తల్లి ఒళ్లో పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, పొట్ట లేచి దిగితే ఒకటిగా, ఫోన్‌లో టైమర్ పెట్టి నిండా నిమిషం లెక్కించాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది, పసిగుడ్డుల ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది మరి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, ఆ అంకె తగిలినా దాటినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. రెండు నెలల్లోపు బిడ్డకైతే ఇంకోసారి లెక్కించి ఖాయం చేసుకోండి. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. కుక్క మొరిగినట్టు దగ్గుతూ, ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కూత వస్తున్నా అంతే. పై నాలుగింటిలో ఎన్ఎల్63కి ఆ అలవాటుంది.

ఆక్సీమీటర్ మీద నమ్మకం మాత్రం నాకు అంతంతే. పెద్దవాళ్ల క్లిప్పు పసివేలికి సరిగ్గా కూర్చోదు, చెయ్యి చల్లబడితే పెద్దవాళ్లకూ అంకె తప్పు చూపిస్తుంది. ముసలివాళ్లలో జ్వరమే రాకపోవచ్చు. ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడినా, నిమిషానికి 30 ఊపిర్లకు చేరినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక మొదటి రోజే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడిపించుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. వైరస్‌కు అది తగలదు. నాలుగో రోజు జలుబు దానంతటదే తగ్గితే పేరు ఇంజెక్షన్‌కు పోతుంది! దానికి పెట్టే డబ్బు దగ్గరుంచుకుంటే, ఊపిరి లెక్క పెరిగిన రాత్రి బండి మాట్లాడుకోవడానికైనా పనికొస్తుంది.