ఎముక పొడి చేయబోతున్న శ్రావణికి

హనుమకొండ

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎముకల లోటు పూడ్చే హైడ్రాక్సీఅపటైట్‌ను స్వయంగా తయారు చేసి పరిశోధన మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వపడ్డాను, కానీ ఆ తెల్లపొడి మనిషిని ఎట్లా నమ్మిస్తుందో ఎరిగినదాన్ని కాబట్టి గుబులూ పుట్టింది.

కాల్షియం నైట్రేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీసా మూత తీసి ఉంచకు. ఫాస్ఫేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపు. ఇవి నీకు తెలిసినవే.

పీహెచ్, అంటే ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, దాని సంగతి మాత్రం నిదానంగా చదువు. మా ప్రయోగశాలలో ఒక పరిశోధక విద్యార్థి ఉండేవాడు, పనిమంతుడే. మే నెల ఉక్కలో, ఫ్యాను కింద, మూతలేని బీకరులో అవక్షేపాన్ని స్టిర్రర్ మీద తిరగనిచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం పదికి పైన ఉన్న పీహెచ్, దాన్ని నిలపడానికి పోసిన అమ్మోనియా రాత్రంతా ఎగిరిపోవడంతో పడిపోయింది, అట్లా పడితే పొడిలో కాల్షియం తగ్గుతుంది. పొద్దున అతడు కొలవకుండానే వడగట్టాడు. ఎండిన పొడి ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్-కిరణాలతో స్ఫటిక రూపాన్ని చూసే పరీక్షలో, అచ్చం అపటైట్‌లాగే కనిపించింది, ఎందుకంటే కాల్షియం తగ్గిన అపటైట్ కూడా ఆ గ్రాఫులో దాదాపు అదే రూపు చూపుతుంది, 1.67 ఉండవలసిన కాల్షియం–ఫాస్ఫరస్ నిష్పత్తి తగ్గిందని అది చెప్పదు. బిళ్ళలు చేసి 1100 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చాకే గుట్టు బయటపడింది: కాపర్ ట్యూబుతో తీసిన గ్రాఫులో 31.8 డిగ్రీల కోణం దగ్గరి హైడ్రాక్సీఅపటైట్ పీక్ పక్కనే, 31 దగ్గర, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే మరో పదార్థపు పీక్ లేచి నిలబడింది. అప్పటికే ఆ పొడితో నెలల పని జరిగిపోయింది.

బీటా రకం చెడ్డదని కాదు. రెండింటినీ కావాలనే కలిపి వాడతారు. అయితే అది హైడ్రాక్సీఅపటైట్ కంటే త్వరగా కరుగుతుంది. ఎంత కలిసిందో తెలియకుండా వాడితే, కొత్త ఎముక అల్లుకోకముందే పొడి కరిగిపోవచ్చు, ఖాళీ రోగి ఒంట్లో మిగలవచ్చు. నా భయమంతా అదే.

కాబట్టి బీకరుకు మూత పెట్టు, పీహెచ్ మాటిమాటికీ చూసి తగ్గితే అమ్మోనియా కలుపు, ప్రతి బ్యాచ్‌లోనూ చిటికెడు పొడిని ముందుగా కాల్చి గ్రాఫు తీయించు. బీకరును రాత్రికి దాని మానాన వదిలేశావని తెలిస్తే ఊరుకోను. అలాగని ఒక్కదానివే అర్ధరాత్రిదాకా కూర్చోకు బిడ్డా, పొద్దున్నే మొదలుపెట్టు. అమ్మోనియాను ఫ్యూమ్‌హుడ్, అదే ఘాటు వాయువులను బయటికి లాగేసే గూడు, దాని బయట ముట్టుకోవద్దు. చిన్నప్పుడు ఆయాసంతో నీ పెదవులు నీలబడితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తినదాన్ని నేనే.

ఇంకొకటి. ఇది పెళుసు పదార్థం. తొడ ఎముక వంటి బరువు మోసే చోట ప్లేటు, స్క్రూల ఆసరా లేకుండా నిలుస్తుందని నీ వ్యాసంలో రాయకు.

మొదటి బ్యాచ్ కాల్చిన గ్రాఫు రాగానే 31 దగ్గర ఏమున్నదో నాకు రాయి.

మీ పెద్దమ్మ