బుజ్జీ, ఒక్క రోజు మిగుల్చుకో

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావుగంట ఏడ్చింది. నువ్వూ నీ స్నేహితురాలూ అండమాన్ వెళ్తున్నారట, అదీ అందరూ వెళ్ళే చోటికి కాకుండా లిటిల్ అండమాన్‌లో హట్ బేకి అట, గైడూ లేడు ప్యాకేజీ లేదట, "నీ మాటైతే వింటుంది, మాన్పించక్కా" అంది. సరే సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నతో "మన బుజ్జి హట్ బే వెళ్తోందండీ" అని చెప్తుంటే ఆయన నా మొహం చూసి నవ్వారు, "బాధపడుతున్నావా మురిసిపోతున్నావా" అని. రెండూనే. కాబట్టి మానేయమని చెప్పను. మీ అమ్మకి మాత్రం చెప్పాననే చెప్పు.

తేలికైనవి ముందు అయిపోనీ. మన దేశం వాళ్ళకి అక్కడికి పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్లలో ఏ పేరు కనిపించినా కంగారు పడకు, ఊరు ఒకటే. అక్కడినుంచి హట్ బే దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు, ప్రభుత్వ షిప్పులో ఆరు నుంచి ఎనిమిది గంటలు, డబ్బు ఆదా కావాలంటే అదే దారి. వాంతుల మాత్ర షిప్పు కదలక ముందే వేసుకో, కదిలాక వేసుకుంటే అది కడుపులో ఉండదు. సముద్రం కింద కేబుల్ వేసి 2020లో హట్ బే దాకా ఇంటర్నెట్ తెచ్చారులే, అయినా యూపీఐని నమ్ముకుని వట్టి చేతులతో దిగకు, నోట్లు రెండు చోట్ల దాచుకో. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు, చలికాలం అయిదున్నర కాకముందే చీకటి పడిపోతుంది, కాబట్టి స్కూటర్ అద్దెకి తీసుకుంటే నాలుగింటికల్లా వెనక్కి తిప్పు. ఇసుకలో కంటికి కనపడని పురుగులు కుడతాయి, వారం రోజులు గోక్కుంటావు, కొబ్బరినూనె రాసుకుని కూర్చో.

డిసెంబరు ఆఖరి వారం అన్నదట మీ అమ్మ. ఎందుకే ఆ వారం? విమానం టికెట్లు ఏడాది మొత్తంలో మండిపోయేది అప్పుడే, చవకగా తిరగాలనుకునేవాళ్ళు సెలవుల రద్దీలో పడితే ఎలా? డబ్బు సంగతి అటుంచు, డిసెంబరు బంగాళాఖాతాన్ని నేను నమ్మను. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా చూసుకో. సముద్రం తేటగా ఉంటుంది, గదులూ దొరుకుతాయి.

నమ్మనని ఊరికే అనలేదు. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1996 డిసెంబరులో మేం ఆఫీసువాళ్ళు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ మీద వెళ్ళాం, విశాఖపట్నం నుంచి షిప్పులోనే, రానూపోనూ. మీ అన్నయ్యకి నాలుగేళ్ళు, సముద్రం మీద మూడు రోజులు వాడివల్ల కాదని అమ్మమ్మ దగ్గర వదిలేశాం. పోర్ట్ బ్లెయిర్ అంతా చూశాక హట్ బే వెళ్దామన్నది నేనే. వెళ్ళాం, ఎంత బాగుందో చెప్పలేను, బట్లర్ బే ఒడ్డున మైళ్ళ కొద్దీ ఇసుక మీద మా రెండు జతల అడుగులే. విశాఖ షిప్పు గురువారం సాయంత్రం. మంగళవారమే హట్ బే నుంచి బయలుదేరి పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులుందాం అన్నారు మీ పెదనాన్న. నేను లెక్కలు తీశాను. నాకు తెలుసుగా లెక్కలు! ఇక్కడ గది అక్కడి గదిలో సగం, బుధవారం బోటు ఎలాగూ ఉంది, గురువారం పొద్దున ఖాళీయే, మరి లాడ్జికి ఆ డబ్బు ఎందుకు తగలెయ్యాలి అని. ఆయన రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పలేదు.

బుధవారం పొద్దున జెట్టీకి వెళ్తే సామాన్ల మీద కూర్చున్న జనం తప్ప బోటు లేదు. వాయుగుండం అన్నారు. ఆకాశం మామూలుగానే ఉంది, అదే నాకు కోపం, వాన లేదు గాలి లేదు, బోటెందుకు రాదని అక్కడి ఆయనతో పోట్లాడాను కూడా. మధ్యాహ్నానికి తెలిసింది ఎందుకో. అలలు జెట్టీ మీదికి ఎక్కుతుంటే జనం మూటలు పట్టుకుని వెనక్కి జరిగారు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. విశాఖ షిప్పు మాత్రం టైముకే వెళ్ళిపోయిందట. ఫోన్ లైన్లు పోయాయి. చేతిలో ఉన్నది ఒక్క పూటకి సరిపడా డబ్బు, ఎందుకంటే ఆఖరి రోజని బుధవారం పొద్దున్నే అందరికీ శంఖాలూ గవ్వల దండలూ కొనేశాను.

జెట్టీ వెనక ఒకావిడ టీ కొట్టు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నేను ఆ జెట్టీ ఆయన మీద అరుస్తుంటే తెలుగు విని బయటికొచ్చింది. మూడు రాత్రులు వాళ్ళింట్లో పడుకున్నాం. చాప ఒకటే ఉంటే అది మాకిచ్చి ఆవిడా పిల్లలూ గోనెపట్టా మీద. ఏమీ అడగలేదు. శనివారం బోటు వచ్చినప్పుడు నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ నిండా అన్నం, చేపల పులుసు కట్టి ఇచ్చి, "ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే పంపు చెల్లీ" అంది.

పోర్ట్ బ్లెయిర్‌లో నా గాజులు తాకట్టు పెట్టి మద్రాసుకి విమానం ఎక్కాం. ఆ గాజులు మళ్ళీ నా చేతికి రాలేదు. ఒక రాత్రి లాడ్జి అద్దె మిగిల్చిన లెక్క అదీ. గాజుల సంగతి పోనీ. ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ గేటు దగ్గర కూలబడి ఉంది, పక్కింటివాళ్ళు షిప్పు మునిగిపోయిందని చెప్పేశారట, మీ అన్నయ్య మూడు రోజులు జ్వరం. వాడు నన్ను చూసి పరిగెత్తుకు రాలేదు బుజ్జీ, తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మీ పెదనాన్న ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. కాకపోతే కాకినాడ బస్సుకి కూడా రెండు గంటల ముందు స్టాండులో కూర్చుంటాం, చూశావుగా.

కాబట్టి విను. విమానం రోజుకి ముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండు. తిండిలో తగ్గించుకో, గదిలో తగ్గించుకో, ఫ్యాన్ గది చాలు, ఆ ఒక్క రోజు మాత్రం తగ్గించకు. హట్ బేలో దిగిన రోజే తిరుగు టికెట్ సంగతి కనుక్కో, బీచి తరువాత.

సముద్రం గురించి ఒక మాట. నీకు ఈత వచ్చు, అదే నా భయం, రానివాళ్ళు మోకాలి లోతు దాటరు. బట్లర్ బే అలల మీద ఆడుకోవడానికి ఎక్కడెక్కడివాళ్ళో పలకలు పట్టుకొస్తారు, ఆ అలలు అంత గట్టివి. నీళ్ళు లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఈదాలని పట్టుపట్టకు, అలిసిపోతావు, ఒడ్డు వెంబడే పక్కకి ఈదు, లాగుడు ఆగాక ఒడ్డుకి తిరుగు. వాగు సముద్రంలో కలిసే చోట అసలు దిగకు, ఆ ద్వీపాల్లో ఉప్పునీటి మొసళ్ళుంటాయి. భూమి గట్టిగా కదిలినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఫోటో తీస్తూ నిలబడకు తల్లీ, చెప్పులు కూడా వదిలేసి ఎత్తుకి పరిగెత్తు.

డుగాంగ్ క్రీక్ వైపు వెళ్ళాలని ఎవరైనా ఆశ పెట్టినా వెళ్ళకు. అక్కడ ఉండేది ఓంగేలనే ఆదివాసులు, వంద పైచిలుకు మందే మిగిలారు, 1956 నుంచి చట్టమే ఉంది బయటివాళ్ళు రాకూడదని. మనం చూడ్డానికి కాదు వాళ్ళు అక్కడ ఉన్నది. పగడపు ముక్కలూ గవ్వలూ ఏరి బ్యాగులో వేసుకోకు, విమానాశ్రయంలో తీయించేస్తారు. నేను కొన్నవాటిలో సగం ఇప్పుడైతే నేరం.

ఆడపిల్లలిద్దరే అని మీ అమ్మ భయం. అది నాకు అంతగా లేదు. చీకటి పడకముందు గదికి చేరు, రోజూ ఒక్క మెసేజ్ పెట్టు, సిగ్నల్ లేని రోజుంటే ముందే చెప్పు. ఫోన్ రాని మూడు రోజులు ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో తలుపు వెనక నిలబడ్డ వాణ్ణి అడుగు, నవ్వుతూనే చెప్తాడు.

ఇంకొకటి. ఆ క్యారేజీ నేను పంపలేదు. ముందు అటు వెళ్ళేవాళ్ళు దొరకలేదు, తరవాత అడగడం మానేశాను, తరవాత 2004 డిసెంబరు 26 సునామీ వచ్చింది. ఆ పొద్దున టీవీలో హట్ బే పేరు వింటే నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళి అటక మీదినుంచి అది దింపి పట్టుకుని కూర్చున్నాను. ఒడ్డు మీద ఇళ్ళు ఏవీ మిగల్లేదన్నారు. ఉత్తరం రాద్దామంటే అడ్రస్ లేదు, జెట్టీ వెనక టీ కొట్టు అన్నదే అడ్రస్.

పై గిన్నె మీద ఆవిడ పేరు చెక్కి ఉంది, పక్కన సంవత్సరం కూడా. చింతపండుతో తోమి పెట్టాను, ఆదివారం మీ అన్నయ్య వస్తూ తెస్తాడు. బరువనుకోకు, లోపల నీ బట్టలే కుక్కుకో. జెట్టీ దగ్గర తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరో ఒకరుంటారు, పేరు చూపించి అడుగు. ఆవిడ లేకపోతే పిల్లలు, అప్పటికి పెద్దదానికి ఎనిమిదేళ్ళు, ముక్కు మీద పుట్టుమచ్చ. దొరికితే ఖాళీగా ఇవ్వకు.

పెద్దమ్మ